నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాడైన నేలను, నీటిని బాగుచేయాలంటే: శిక్షణ, పరిశోధన నిధులు తెచ్చుకోవడం ఎలా

మన దేశంలో ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి వైద్య పత్రికలో మొదటిసారి వివరంగా రాసింది 1937లో. ఆ వ్యాసం మన ఊళ్ల గురించే. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో నడుము వంగి, కీళ్లు బిగుసుకుపోయిన మనుషుల్ని పరీక్షించి డాక్టర్లు దాన్ని రాశారు. ఆ రోజుల్లో కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లాయి. జిల్లాల సరిహద్దులు మారాయి గానీ ఆ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ అలాగే ఉంది. దానికి తోడు తీరం వెంబడి రొయ్యల గుంటల పక్కన ఉప్పెక్కిన బావులు, కృష్ణపట్నం దగ్గర థర్మల్ కేంద్రాల బూడిద చెరువులు, చీమకుర్తి చుట్టూ గ్రానైట్ స్లర్రీ (రాయి కోసినప్పుడు వచ్చే బురద) కుప్పలు వచ్చి చేరాయి.

ఇంత పని ఉన్నా, పని తెలిసిన మనిషి కావాలంటే ఇప్పటికీ హైదరాబాద్ వైపో చెన్నై వైపో చూస్తున్నాం. ఇక్కడి పిల్లలే ఈ పని నేర్చుకుని, ఇక్కడి కాలేజీల నుంచే పరిశోధన నడపాలని నా కోరిక. అందుకు శిక్షణ ఉంది, డబ్బు కూడా ఉంది. ఒక్కో నిధిది ఒక్కో దారి. మీ సమస్య ఏ రకందో, మీరు ఏ హోదాలో అడుగుతున్నారో ఈ రెండూ తేల్చుకోకుండా ప్రపోజల్ రాస్తే ఏడాది కష్టం వృథా అవుతుంది. కాబట్టి ఈ వరసలో వెళ్లండి.

మొదటి అడుగు: పాడుచేసింది మనిషా, రాయా?

అన్నిటికన్నా ముందు తేల్చాల్సింది ఇదే. చాలామంది ఇది దాటేసి నేరుగా ఫారం నింపడం మొదలుపెడతారు.

పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడ్ రాతిలోంచి వస్తుంది. గ్రానైట్, నైస్ రాళ్లలో ఉండే బయోటైట్, అపటైట్, ఫ్లోరైట్ లాంటి ఖనిజాల మీదుగా నీరు ఏళ్ల తరబడి నెమ్మదిగా కదులుతుంది. ఆ నీటిలో సోడియం, బైకార్బొనేట్ ఎక్కువై కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ కరిగి పైకొస్తుంది. వాన తక్కువ, బోరు లోతు ఎక్కువ అయిన చోట ఇది ఇంకా ముదురుతుంది. ఇందులో నోటీసు ఇవ్వడానికి ఫ్యాక్టరీ లేదు, జరిమానా కట్టించడానికి యజమాని లేడు. కాబట్టి డబ్బు తాగునీటి పథకాల నుంచి, ఆరోగ్య శాఖ నుంచి, పరిశోధన సంస్థల నుంచి రావాలి. 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణ జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి విడతలో తీసుకున్న కొద్ది జిల్లాల్లో నెల్లూరు ఒకటి. ఈ మాట మీ ప్రపోజల్ మొదటి పేజీలో ఉండాలి.

మనిషి చేసిన కాలుష్యానిది వేరే లెక్క. రొయ్యల సాగు మీద 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, పాడుచేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని మన తీరానికి వర్తింపజేసింది. ఆ తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. విషపదార్థాలతో పాడైన స్థలాల కోసం కేంద్ర పర్యావరణ శాఖ 2025 జూలైలో ప్రత్యేక నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం జిల్లా యంత్రాంగం ఆరు నెలలకొకసారి అనుమానం ఉన్న స్థలాల జాబితాను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి. మండలి వాటిని పరీక్షించాలి, బాధ్యులెవరో తేల్చాలి, శుభ్రం చేసే ఖర్చు వాళ్ల దగ్గర వసూలు చేయాలి. గనుల పని వల్ల వచ్చిన కాలుష్యం, ఊరి చెత్త డంపులు ఈ నియమాల కిందికి రావు. చీమకుర్తి స్లర్రీ గురించి ఈ నియమాల పేరుతో అర్జీ పెడితే తిరిగొచ్చే అవకాశమే ఎక్కువ. దానికి దారి జిల్లా ఖనిజ నిధి. దాని సంగతి కింద చెప్తాను.

రెండూ కలిసిన సమస్యలు కూడా ఉన్నాయి. ఫ్లోరైడ్ రాతిదే. కానీ ఊరూరా వెలిసిన మినరల్ వాటర్ ప్లాంట్లు మంచినీళ్లు క్యాన్లలోకి పట్టి, ఫ్లోరైడ్ చిక్కబడిన వృథా నీటిని పక్క కాలువలోకో ఖాళీ స్థలంలోకో వదులుతున్నాయి. ఆ నీరు మళ్లీ భూమిలోకే దిగుతుంది. ఎవరైనా కొత్త పరిశోధనాంశం అడిగితే నేను ముందుగా దీన్నే చెప్తాను.

రెండో అడుగు: ఒక ఊరు పట్టుకోండి, అంకెలు సేకరించండి

‘ప్రకాశం జిల్లాలో భూగర్భ జలాల కాలుష్యం’ అనే పేరుతో ప్రపోజల్ పెట్టకండి. జిల్లా మొత్తం మీ ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, డబ్బిచ్చేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. మూడు నాలుగు ఊళ్లు, ముప్పై బోర్లు చాలు.

కొత్తగా శాంపిల్ తీసే ముందు ఉన్న సమాచారం చూడండి. జల్ జీవన్ మిషన్ నీటి నాణ్యత పోర్టల్‌లో ఊరి వారీగా పరీక్ష ఫలితాలు ఉంటాయి. కేంద్ర భూగర్భ జల మండలి జిల్లాల వారీగా భూగర్భ జలాల పటాలు, నివేదికలు తయారుచేసి ఉచితంగా అందుబాటులో పెట్టింది. రాష్ట్ర భూగర్భ జల శాఖ పరిశీలన బోర్ల నీటిమట్టాలు కూడా దొరుకుతాయి. దొరకనిది సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఈ పాత అంకెల్లో ఎక్కడ ఖాళీ ఉందో చూపించగలిగితే మీ ప్రపోజల్‌కు సగం బలం వచ్చినట్టే.

ఇక మీ శాంపిల్. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, ఎందుకంటే తర్వాత లక్షల రూపాయల మాట నిలబడేది ఈ సీసాల మీదే. బోరు దగ్గరికి వెళ్లగానే కొళాయి తిప్పి సీసా పట్టకండి. అవి రాత్రంతా గొట్టంలో నిలవున్న నీళ్లు. మోటారు వేసి ఐదు పది నిమిషాలు వదిలేయండి. చేతిలో ఈసీ మీటరు (నీటిలో విద్యుత్ ఎంత పారుతుందో చూపేది) ఉంటే అంకె నిలకడగా వచ్చేదాకా ఆగండి. తర్వాత అవే నీళ్లతో సీసాను రెండు మూడు సార్లు కడిగి, నిండా పట్టి మూత బిగించండి. ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసానే వాడాలి, గాజుది పనికిరాదు. ఆర్సెనిక్, లెడ్ లాంటి లోహాలకు వేరే సీసా కావాలి. నీటిని సన్న వడపోత కాగితంలో వడగట్టి, కొద్దిగా నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 కన్నా దిగువకు తేవాలి. అలా చేయకపోతే లోహం సీసా గోడలకు పట్టేసి ల్యాబులో తక్కువ చూపిస్తుంది. నైట్రేట్ చూడాలంటే ఐస్ బాక్సులో పెట్టి రెండు రోజుల్లోపు ల్యాబుకు చేర్చాలి. బాక్టీరియాకు స్టెరిలైజ్ చేసిన సీసా వాడాలి, దాన్ని కడగకూడదు, 24 గంటల్లోపు పరీక్ష మొదలవ్వాలి. సీసా మీద తేదీ, సమయం, బోరు లోతు, జీపీఎస్ అంకెలు చెరగని పెన్నుతో రాయండి. మూత మీద రాయొద్దు, మూతలు మారిపోతాయి.

సీజన్ విషయంలో మన జిల్లాలకు ఒక తేడా ఉంది. వేసవి శాంపిల్ మే నెలలో తీస్తారు, అది సరే. వానల తర్వాతి శాంపిల్ నవంబర్‌లో తీయడం చాలాచోట్ల అలవాటు. కానీ నెల్లూరులో ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడతాయి. నవంబర్‌లో మనకు వాన మధ్యలోనే ఉంటుంది. కాబట్టి రెండో శాంపిల్ జనవరిలో తీయండి, ఎందుకు జనవరో ప్రపోజల్‌లో ఒక వాక్యం రాయండి. ఇక్కడి నేల తెలిసినవాళ్లే రాశారని చదివేవాళ్లకు ఆ ఒక్క వాక్యంతో అర్థమవుతుంది.

ఫలితాలను తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500తో పోల్చండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా అనుమతి. నైట్రేట్ 45, ఆర్సెనిక్ 0.01. కరిగిన లవణాలు 500 లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే 2000 దాకా. పటికతో శుద్ధిచేసిన నీళ్లను పరీక్షించేటప్పుడు ఒక జాగ్రత్త. మిగిలిపోయిన అల్యూమినియం, రంగు మార్పు చూసి కొలిచే పద్ధతిని తప్పుదోవ పట్టించి ఫ్లోరైడ్‌ను తక్కువ చూపిస్తుంది. అలాంటి నీళ్లకు అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో, తగిన బఫర్ కలిపి చూడాలి.

ఫలితం రాగానే బోరు యజమానికి చెప్పండి. తోటపల్లిగూడూరు వైపు ఒక రైతు అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే: “నీళ్లు పట్టుకపోతారు అబ్బయా, ఏమొచ్చిందో చెప్పేదానికి మాత్రం ఒక్కరూ తిరిగి రారు.” ఆయన తప్పుపట్టింది ఫలానా మనిషిని కాదు, పరిశోధన పేరుతో వచ్చి వెళ్లే మనందర్నీ. ఆ మాట ఇంకో ఊళ్లో వినబడకూడదు.

మూడో అడుగు: మీ చదువుకు తగ్గ శిక్షణ

పది, ఇంటర్ చదివి ఊళ్లోనే ఉన్నవాళ్లకు దగ్గరి దారి నీటి పరీక్ష. జల్ జీవన్ మిషన్ ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్‌తో నీళ్లు పరీక్షించడం నేర్పాలని పెట్టుకుంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో పంచాయతీ కార్యదర్శిని అడగండి. పేర్లు కాగితం మీదే ఉంటే మీ పేరు చేర్చమనండి. జీతం వచ్చే ఉద్యోగం కాదిది. కానీ పరిశోధన ప్రాజెక్టు ఊళ్లోకి వచ్చినప్పుడు ఫీల్డ్ అసిస్టెంట్‌గా తీసుకునేది ఇలా చేయి తిరిగిన మనుషుల్నే. కేంద్ర భూగర్భ జల మండలి కూడా జిల్లాల్లో స్థానికులకు శిక్షణ తరగతులు పెడుతుంది. దాని పెద్ద శిక్షణ సంస్థ రాయ్‌పూర్‌లో ఉంది. కేంద్ర పర్యావరణ శాఖ 2017లో గ్రీన్ స్కిల్ డెవలప్‌మెంట్ ప్రోగ్రాం పేరుతో పర్యావరణ కోర్సులు మొదలుపెట్టింది, ఆ ప్రకటనలు వస్తున్నాయేమో చూస్తూ ఉండండి.

రైతులైతే నెల్లూరు, దర్శి కృషి విజ్ఞాన కేంద్రాలకు వెళ్లండి. భూమి చౌడుబారినా, ఉప్పెక్కినా బాపట్లలో ఉన్న ఉప్పునీటి పరిశోధన కేంద్రం మనకు పెద్ద ఆస్తి. తీరపు ఇసుక నేలల్లో ఉప్పునీటి మీద తేలే పలుచటి మంచినీటి పొరను మాత్రమే తోడుకునేలా మన పాత దొరువును మెరుగుపరిచింది వాళ్లే. జిప్సం ఎంత వేయాలి, మురుగు కాలువ ఎంత లోతుండాలి, జీలుగ ఎప్పుడు కలియదున్నాలి అన్నవి మట్టి పరీక్ష కాగితం చూపించి వాళ్లనడగండి. రొయ్యల గుంటల నీరు, మట్టి పరీక్షల శిక్షణకు చెన్నైలోని సీబా (కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ) ఉంది.

డిగ్రీ, పీజీ విద్యార్థులు ముందుగా చూడాల్సింది మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్. వేసవిలో రెండు నెలలు పెద్ద ల్యాబులో పనిచేయొచ్చు, నెలనెలా భత్యం ఇస్తారు. కాలేజీ అధ్యాపకులు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. పీజీ ప్రాజెక్టుకు హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ)కో, నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) జోనల్ ల్యాబుకో రాయండి. ‘ఏదైనా ప్రాజెక్టు ఇవ్వండి సార్’ అని కాకుండా, మీ ముప్పై బోర్ల పట్టిక జతచేసి రాయండి. సమాధానం వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. ఎన్‌పీటీఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ల్యాండ్‌ఫిల్‌లు (చెత్త పూడ్చే స్థలాలు), స్లర్రీ పాండ్లు, కలుషిత స్థలాల మీద ఐఐటీల కోర్సులున్నాయి. బూడిద చెరువుల మీద పనిచేయాలనుకునేవాళ్లు అవి వదలకూడదు. నేర్చుకోవడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు.

ఇంగ్లిష్ పర్వాలేదనుకునేవాళ్లకు ఇంకొకటి. అమెరికాలో 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చాక కలుషిత స్థలాలను శుభ్రంచేసే పని ఒక వృత్తిగా స్థిరపడింది. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ నడిపే క్లూ-ఇన్ అనే చోట పాత వెబినార్లు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అక్కడి చట్టాలు మనకు వర్తించవు. కానీ కలుషిత భూగర్భ జలాన్ని ఎలా అంచనా వేయాలి, ఏ పద్ధతి ఎక్కడ విఫలమవుతుంది అన్న అనుభవం మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

నాలుగో అడుగు: డబ్బు ఎవరికి ఎక్కడ

విద్యార్థికి: యూజీసీ నెట్‌లో పర్యావరణ శాస్త్రం సబ్జెక్టుగా ఉంది. కెమిస్ట్రీ, జియాలజీ వాళ్లకు సీఎస్‌ఐఆర్ నెట్ ఉంది. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. ఇంజనీరింగ్ వాళ్లకు గేట్‌లో పర్యావరణ శాస్త్రం, ఇంజనీరింగ్ పేపరు 2021లో వచ్చింది. ఆ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400. యూనివర్సిటీలో పీజీ మొదటి ర్యాంకు వచ్చినవాళ్లు ఇన్‌స్పైర్ ఫెలోషిప్‌కు అర్హులు. విక్రమ సింహపురిలో గానీ, ఒంగోలు ఆంధ్రకేసరిలో గానీ ఫస్ట్ వచ్చి ఈ సంగతి తెలియక ఊరుకోకండి. రాష్ట్రంలోని యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ సీటుకు ఏపీఆర్‌సెట్ ప్రవేశ పరీక్ష ఉంది. చదువుకో ఉద్యోగానికో మధ్యలో విరామం వచ్చిన మహిళలకు శాస్త్ర సాంకేతిక శాఖ వైజ్-కిరణ్ పథకం ఉంది. పెళ్లితో, పిల్లలతో ఆగిపోయిన ఎమ్మెస్సీ చెల్లెళ్లు, అక్కలు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. వాళ్లకు ఈ మాట చేరవేయండి.

అధ్యాపకుడికి: పరిశోధన గ్రాంట్లు ఇచ్చే ఇదివరకటి కేంద్ర సంస్థ సెర్బ్ ఇప్పుడు 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థలో కలిసిపోయింది. కొత్తగా చేరిన అధ్యాపకులకు ఎర్లీ కెరీర్ గ్రాంటు, అనుభవం ఉన్నవాళ్లకు అడ్వాన్స్‌డ్ గ్రాంటు, పీహెచ్‌డీ ముగించినవాళ్లకు పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్ ఇస్తారు. రెగ్యులర్ ఉద్యోగం లేని అధ్యాపకులకు ఎర్లీ కెరీర్, అడ్వాన్స్‌డ్ గ్రాంట్ల తలుపు తెరుచుకోవడం కష్టం. వాళ్లు రెగ్యులర్ అధ్యాపకుడితో జతకట్టి, ప్రాజెక్టులో సిబ్బందిగా పేరు చేర్చుకోవడమే దారి. శాస్త్ర సాంకేతిక శాఖలో నీటి సాంకేతికతలకు విడిగా పిలుపులు వస్తుంటాయి, అవీ చూడండి.

స్వచ్ఛంద సంస్థకు: అదే శాఖలో సీడ్ అనే విభాగం, శాస్త్రీయంగా పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇస్తుంది. ముందు నీతి ఆయోగ్ దర్పణ్‌లో నమోదు చేసుకుని ఉండాలి. కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బు కావాలంటే ఆదాయపు పన్ను శాఖ 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, సీఎస్‌ఆర్-1 ఫారం, మూడేళ్ల పని అనుభవం అవసరం. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలా ఖర్చుపెట్టాలి. మట్టి, నీటి నాణ్యతను కాపాడటం ఆ జాబితాలో స్పష్టంగా ఉంది. కానీ ఒక మాట గట్టిగా చెప్తున్నాను: ఏ కంపెనీ బూడిద వల్లో నీటి వల్లో మీ ఊరు పాడైందని అనుమానమో, ఆ కంపెనీ డబ్బుతో ఆ ఊరి నీళ్లను పరీక్షించకండి. ఫలితం నిజమైనదే అయినా ఎవరూ నమ్మరు. తప్పనిసరై తీసుకుంటే, అంకెలు ఎవరి సొత్తు, వాటిని బయటపెట్టే హక్కు ఎవరిది అన్నది ఒప్పంద పత్రంలో రాయించుకోండి.

పంచాయతీకి: జిల్లా ఖనిజ నిధి. 2015లో గనుల చట్టం సవరణతో వచ్చింది ఇది. గనులున్న ప్రాంతాల బాగు కోసం లీజుదారులు కట్టే డబ్బు ఇందులో చేరుతుంది. గ్రానైట్ లాంటి చిన్న ఖనిజాల విషయంలో నియమాలు రాష్ట్రం చేస్తుంది. కేంద్ర మార్గదర్శకాల్లో తాగునీరు, కాలుష్య నియంత్రణ, ఆరోగ్యం, నైపుణ్య శిక్షణ మొదటి వరస పనులు. అంటే చీమకుర్తి చుట్టుపక్కల ఊళ్లలో నీటి పరీక్ష ల్యాబు, స్లర్రీ మీద అధ్యయనం, యువతకు శిక్షణ ఈ మూడూ అడగడానికి వీలుంది. రోడ్లకూ ప్రహరీ గోడలకూ అడిగినంతగా వీటికి ఎవరూ అడగడం లేదని నాకు అనిపిస్తుంది. గ్రామసభ తీర్మానం చేయించి, పక్కనే ఉన్న కాలేజీ నుంచి సాంకేతిక నోటు జతచేసి కలెక్టరేట్‌లో ఇవ్వండి.

ఏదైనా పరికరమో ఫిల్టరో తయారుచేశామనుకునే యువతకు: నమూనా దశలో కేంద్రం ఇచ్చే నిధి-ప్రయాస్ పథకం కింద 10 లక్షల దాకా దొరుకుతుంది. జీవ సాంకేతికతతో ముడిపడినదైతే కేంద్ర ప్రభుత్వ బయోటెక్ సంస్థ బైరాక్ వారి బిగ్ గ్రాంటు 50 లక్షల దాకా, 18 నెలలకు.

ఐదో అడుగు: ప్రపోజల్, బడ్జెట్

సమస్య ఒక పేజీ, మీ అంకెలు ఒక పేజీ, ఏం చేస్తారో రెండు పేజీలు, ఎవరు చేస్తారో అర పేజీ. అంతకన్నా సాగదీయకండి.

ఉదాహరణకు మినరల్ వాటర్ ప్లాంట్ల వృథా నీటి మీద రెండేళ్ల ప్రాజెక్టు అనుకుందాం. 30 బోర్లు, ఏడాదికి రెండుసార్లు, రెండేళ్లు: 120 శాంపిళ్లు. ప్రతి పదింటికి ఒకటి జంట శాంపిల్‌గా మళ్లీ పరీక్షించాలి. అలా ఇంకో 12. ప్రతి విడతలో ఖాళీ శాంపిల్ (శుద్ధమైన నీళ్లే నింపి పరీక్షించేది) ఒకటి. ఒక జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37,000 చొప్పున 24 నెలలకు 8,88,000, అద్దె భత్యం విడిగా. ఆ పైన రసాయనాలు, ప్రయాణం, పరికరాలు, చిల్లర ఖర్చులు, సంస్థకిచ్చే ఓవర్‌హెడ్. లోహాలు చూడాల్సి వస్తే ఆ యంత్రం కొనమని అడగకండి. నీరిలోనో ఐఐటీ తిరుపతిలోనో శాంపిల్‌కు ఇంత అని కట్టి చేయించుకుంటామని రాయండి. పక్కన ఉన్న యంత్రాన్ని వాడుకుంటామంటే కమిటీకి నమ్మకం కలుగుతుంది.

పరిష్కారం ప్రతిపాదిస్తే నడిపే ఖర్చు కూడా లెక్కగట్టండి. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతిని నీరి 1970లలో తయారుచేసింది. చవకైనది, సులువైనది. అయినా రోజూ మోతాదు చూసే మనిషి కావాలి, అడుగున దిగిన మడ్డిని పారబోసే చోటు కావాలి, శుద్ధయిన నీటిలో అల్యూమినియం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకుండా చూడాలి. ఈ మూడింటికీ డబ్బు, మనిషి లేని ప్లాంట్లు ఎక్కడైనా మూలనపడతాయి. యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్లదీ ఇదే కథ, వాటిని తిరిగి పనిలోకి తేవడానికి రసాయనాలు కావాలి. కట్టడానికి పది లక్షలు అడిగినప్పుడు, ఆ తర్వాత ఐదేళ్లు దాన్ని ఎవరు నడుపుతారో, నెలకు ఇంటికి ఎంత పడుతుందో, పంచాయతీ తీర్మానంతో సహా రాయండి.

పంపే ముందు ఒక్కసారి బోరు రైతుకో, వార్డు మెంబరుకో తెలుగులో చదివి వినిపించండి. ‘అయితే మాకేంది?’ అని ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఆ కాగితంలో లేకపోతే అది ఇంకా పూర్తి కాలేదు.

ఆరో అడుగు: డబ్బు వచ్చాక

ప్రాజెక్టుకు విడి ఖాతా పెట్టించండి. ప్రతి రసీదు స్కాన్ చేసి ఉంచండి. ఏడాది ముగియగానే జీఎఫ్‌ఆర్ 12-ఏ ఫారంలో వినియోగ ధ్రువపత్రం పంపకపోతే రెండో విడత ఆగిపోతుంది, దాంతో జేఆర్‌ఎఫ్ కుర్రాడికి నెలల తరబడి జీతం ఉండదు. అకౌంట్స్ సెక్షన్‌తో మొదటి నెల నుంచే మంచిగా ఉండండి. పరికరం కొనడానికి టెండర్లకే నెలలు పడతాయి కాబట్టి డబ్బు పడిన వారంలోనే ఆ ఫైలు కదిలించండి. లేకపోతే మే శాంపిల్ చేజారుతుంది, ఏడాది వెనకపడతారు.

ఫలితాలు తెలుగులో ఒకే పేజీగా, బోరు యజమాని పేరు బయటపెట్టకుండా, పంచాయతీ బోర్డు మీద అతికించండి. ఏ బోరు తాగడానికి పనికొస్తుంది, ఏది వాడకానికి మాత్రమే అన్నది రంగుల్లో చూపించండి. ప్రాజెక్టు ముగిశాక చిన్న పరికరాలు, అంటే ఈసీ మీటరు, ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ లాంటివి, నియమాల ప్రకారం దగ్గరలోని కాలేజీ ల్యాబుకో హైస్కూలుకో బదిలీ అయ్యేలా ముందే అనుమతి అడగండి.

ఈ ఏడాదే మొదలుపెట్టాలనుకుంటే గేట్ దరఖాస్తులు మామూలుగా ఆగస్టు, సెప్టెంబర్‌లో తెరుస్తారు. సమ్మర్ ఫెలోషిప్‌వి సంవత్సరం చివరి నెలల్లో. అప్పటికి చేతిలో కనీసం ఒక సీజన్ అంకెలు ఉండాలంటే మేలో సీసాలు పట్టుకుని బయల్దేరాలి. మే దాటిపోయి ఉంటే జనవరి కోసం ఇప్పుడే ఊళ్లకు వెళ్లి బోర్ల జాబితా రాసుకోండి.